కారు సందేహాలు: ఇంజెక్టర్ పోయిందని ఎప్పుడు నమ్మాలి?

ప్రశ్న: నాది పదకొండేళ్ల నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 90 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజిన్ వణుకుతోంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మిస్సింగ్ కొడుతోంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే షెడ్డుకు తీసుకెళ్లాను. స్కానర్ పెట్టి చూసి, పీ0302 అనే కోడ్ వచ్చిందని, ఇంజెక్టర్లు పోయాయి కాబట్టి నాలుగూ మార్చాలని అన్నారు. ఖర్చు చాలా ఎక్కువ చెబుతున్నారు. నిజంగా ఇంజెక్టర్లే పోయాయని తెలుసుకోవడం ఎలా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: డబ్బు కట్టకముందే అడిగి మంచి పని చేశారు. ఇంజెక్టర్ అంటే ఇంజిన్‌లోకి పెట్రోల్‌ను కొలతగా చిమ్మే చిన్న కరెంటు వాల్వు. పీ0302 అంటే రెండో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండడం లేదని, అంటే మిస్సింగ్ ఉందని మాత్రమే అర్థం. ఎందుకు మండడం లేదో ఆ కోడ్ చెప్పదు. మంట పుట్టాలంటే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ, తగిన కొలతలో పెట్రోల్, సిలిండర్‌లో సరిపడా కంప్రెషన్ (మిశ్రమాన్ని నొక్కే ఒత్తిడి) మూడూ ఉండాలి. వీటిలో ఏది తప్పినా స్కానర్ తెర మీద కనిపించేది ఇదే కోడ్. ఇంజెక్టర్‌కు వెళ్లే వైరు తెగినా, దాని లోపలి తీగచుట్ట కాలిపోయినా మామూలుగా పీ0202 అనే మరో కోడ్ కూడా నమోదవుతుంది. మీకు అది వచ్చినట్టు రాయలేదు. ఒక్క సిలిండర్‌ను చూపించే కోడ్ పట్టుకుని నాలుగు ఇంజెక్టర్లూ మార్చమనడానికి నాకైతే ఆధారం కనిపించడం లేదు.

ముందుగా పైసా ఖర్చు లేని పరీక్ష చేయించండి. మీ ఇంజిన్‌లో ప్రతి సిలిండర్‌కూ విడివిడిగా ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుకు నిప్పురవ్వ కరెంటు ఇచ్చేది) ఉంటే, రెండో దానిని మూడో దానితో మార్చి బిగించి, కోడ్ చెరిపేసి, ఇరవై కిలోమీటర్లు నడపండి. ఈసారి పీ0303 వస్తే దోషం కాయిల్‌తోపాటు మూడో సిలిండర్‌కు వెళ్లిందన్నమాట, ఇంజెక్టర్ జోలికి వెళ్లనక్కరలేదు. కోడ్ కదలకపోతే ప్లగ్గులను కూడా అలాగే అటూ ఇటూ మార్చి చూడాలి. అప్పటికీ రెండో సిలిండర్‌లోనే మిస్సింగ్ ఉంటే అప్పుడు ఇంజెక్టర్ వైపు తిరగాలి.

ఇంజిన్ నడుస్తుండగా మెకానిక్ స్టెతస్కోపును, అది లేకపోతే పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఒక్కో ఇంజెక్టర్ మీద ఆనించి వింటే గడియారంలా టిక్‌టిక్‌మనే శబ్దం వినిపించాలి. తిరిగే బెల్టులకు చేతులు, బట్టలు దూరంగా ఉంచుకోవాలి. మూడు పలికి ఒకటి పలకకపోతే ఆ ఇంజెక్టర్‌కు సిగ్నల్ అందడం లేదా, అందినా అది తెరుచుకోవడం లేదా అన్నది తేల్చాలి. ఇందుకు నాయిడ్ లైట్ అనే చిన్న దీపం దొరుకుతుంది. ఇంజెక్టర్ కప్లర్ (వైర్లు కలిపే క్లిప్పు) ఊడదీసి, అందులో ఈ దీపం గుచ్చి, సెల్ఫ్ కొట్టినప్పుడు అది మిణుకుమిణుకుమంటే ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) తన పని తాను చేస్తున్నట్టే. వెలగకపోతే వైరింగ్ చూడాలి. మన ఊళ్లలో చెట్టు కింద, పెరట్లో నిలిపిన కార్లలో ఎలుకలు వైర్లు కొరికేయడం చాలా సాధారణం, కాబట్టి కొత్త ఇంజెక్టర్ కొనేముందు ఆ వైరును చివరిదాకా చేత్తో తడిమి చూడమనండి. కొందరు నాయిడ్ లైట్ బదులు హెడ్‌లైట్ బల్బు తగిలించి చూస్తారు. అది లాగే ఎక్కువ కరెంటుకు ఈసీయూ లోపల ఇంజెక్టర్‌ను నడిపే సర్క్యూట్ దెబ్బతినవచ్చు. ఆ పద్ధతికి దయచేసి ఒప్పుకోకండి.

తర్వాత మల్టీమీటర్. ఇగ్నిషన్ ఆపి, కప్లర్ తీసి, ఇంజెక్టర్ రెండు పిన్నుల మధ్య నిరోధం కొలవాలి. మీ కారు లాంటి సాధారణ పెట్రోల్ కార్లలో అది ఎక్కువగా 12 నుంచి 16 ఓమ్‌ల మధ్య ఉంటుంది. అంకె కన్నా పోలిక ముఖ్యం: మూడు 14 దగ్గర ఉండి ఒకటి 9 చూపినా, అసలు రీడింగే రాకపోయినా దోషి దొరికినట్టే. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక తెగిపోయే తీగచుట్టలు కూడా ఉంటాయి. అందుకని ఇంజిన్ బాగా వేడెక్కాక మరోసారి కొలవాలి.

ఓమ్‌లు సరిగ్గా ఉన్నాయంటే ఇంజెక్టర్ బాగుందని అర్థం కాదు. నాజిల్‌లో మడ్డి పేరుకుని పెట్రోల్ తక్కువ పోయవచ్చు, మూసుకునే చోటు (సీటు) అరిగి మూసినా కారవచ్చు. ఈ రెంటినీ మల్టీమీటర్ చూడలేదు. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకెలు కొంత దారి చూపుతాయి. దీర్ఘకాలిక ట్రిమ్ ప్లస్ 10 శాతం దాటితే ఇంజిన్‌కు పెట్రోల్ చాలక ఈసీయూ అదనంగా పోయిస్తోందని, మైనస్ 10 దాటితే ఎక్కువై తగ్గిస్తోందని అనుకోవచ్చు. ఐడ్లింగ్‌లో ప్లస్ ఎక్కువగా ఉండి 2,500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు వస్తే ఎక్కడో గాలి లీకు ఉందని, వేగంతోపాటు పెరుగుతూ పోతే పంపు, ఫిల్టర్, ఇంజెక్టర్లలో ఒకటి చాలడం లేదని నేను అనుమానిస్తాను. అయితే మిస్సింగ్ ఉన్న ఇంజిన్ వాడుకోని ఆక్సిజన్‌ను పొగగొట్టంలోకి వదులుతుంది, అక్కడి ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి పెట్రోల్ తక్కువైందని పొరబడుతుంది. కాబట్టి కేవలం ట్రిమ్‌ను నమ్మి తీర్పు ఇవ్వకూడదు.

అసలు తీర్పు చెప్పేది ప్రెషర్ గేజ్‌తో చేసే బ్యాలెన్స్ పరీక్ష. ఫ్యూయల్ రైల్‌కు (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టానికి) గేజ్ తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేస్తే పంపు కాసేపు తిరిగి ప్రెషర్ ఎక్కుతుంది; ఇలాంటి కార్లలో అది సాధారణంగా 3 నుంచి 4 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలమానం). ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, పల్స్ టెస్టర్ అనే పరికరంతో ఒక ఇంజెక్టర్‌ను నిర్ణీత సమయంపాటు తెరిపించి ప్రెషర్ ఎంత పడిందో రాసుకుని, మళ్లీ ఎక్కించి తర్వాతి ఇంజెక్టర్‌కు వెళ్లాలి. నాలుగూ దాదాపు ఒకే మేర పడాలి. తక్కువ పడినది మూసుకుపోయింది, ఎక్కువ పడినది అతిగా పోస్తోంది. ఈ పరీక్షలో పోసిన పెట్రోల్ మండకుండా ఇంజిన్‌లోనే ఉండిపోతుంది కాబట్టి ఒకే ఇంజెక్టర్ మీద పదేపదే చేయకూడదు. టెస్టర్ లేదని బ్యాటరీ వైర్లు నేరుగా ఇంజెక్టర్‌కు తగిలించి పట్టుకుంటే తీగచుట్ట కాలిపోవచ్చు.

మీరు రాసిన వాటిలో ఉదయం పూట వణుకు అన్న మాట నన్ను ఆపింది. రాత్రంతా ఒక ఇంజెక్టర్ బొట్టుబొట్టుగా కారితే తెల్లవారేసరికి ఆ సిలిండర్ దగ్గర పెట్రోల్ చేరి, స్టార్ట్ చేయగానే ఇంజిన్ ఇలాగే తడబడుతుంది, పొగగొట్టం దగ్గర పచ్చి పెట్రోల్ వాసన వస్తుంది. గేజ్ ఉన్నప్పుడే ఇంజిన్ ఆపి, ప్రెషర్ నిలుస్తోందో పడిపోతోందో చూడమనండి. పడిపోతే వెంటనే ఇంజెక్టర్‌ను నిందించవద్దు, పంపులో పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వు చెడినా అంతే జరుగుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, రైల్‌ను ఇంజెక్టర్లతో సహా పైకి తీసి, కింద తెల్ల కాగితం పరిచి, ప్రెషర్ ఎక్కిస్తే కారేది కళ్లకే కనిపిస్తుంది. ఇది ఆరుబయట, బ్యాటరీ నిప్పురవ్వలకు దూరంగా, అగ్నిమాపక సిలిండర్ పక్కన పెట్టుకుని చేయవలసిన పని, ఇంట్లో ప్రయత్నించకండి.

మూసుకుపోయిందని తేలితే మార్చడానికి ముందు అల్ట్రాసోనిక్ క్లీనింగ్ (ధ్వని తరంగాలతో శుభ్రం చేయడం) చేయించండి. టెస్ట్ బెంచ్‌పై నాలుగు గాజు గొట్టాల్లోకి పోయించి, శుభ్రం చేయకముందు కొలతలు, చేసిన తర్వాతి కొలతలు రెండూ రాసి ఇమ్మని అడగండి. ముందు కొలవకుండా శుభ్రం చేస్తే అసలు దోషం అక్కడుందో లేదో ఇక ఎప్పటికీ తెలియదు. తిరిగి బిగించేటప్పుడు ఓ-రింగులు (రబ్బరు సీళ్లు) కొత్తవి వేయాలి. కొలతల్లో నాలుగూ సమానంగా వచ్చి కూడా మిస్సింగ్ ఆగకపోతే కంప్రెషన్ గేజ్ తీయాల్సిందే. అప్పుడు సమస్య ఇంజిన్ వాల్వుల్లోనో పిస్టన్ రింగుల్లోనో ఉండవచ్చు.

ప్రశ్న: విశాఖలో టాక్సీకి తిప్పుతున్న సీఆర్‌డీఐ డీజిల్ బండి నాది. ఉదయం వెంటనే స్టార్ట్ అవుతుంది. వేడి మీద ఆపితే మాత్రం చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది. పాత మెకానిక్ ఒకరు పైపుల నట్లు ఒక్కొక్కటీ వదులుచేసి చూద్దామంటున్నారు.
- ఒక డ్రైవర్, విశాఖపట్నం

జవాబు: ఆ నట్లను ఎవరినీ ముట్టనివ్వకండి. పాత డీజిల్ బండ్లలో ఒక్కో పైపు వదులుచేసి, ఏ సిలిండర్ పని చేయడం లేదో కనిపెట్టే అలవాటు ఉండేది. మీది లాంటి కామన్ రైల్ (సీఆర్‌డీఐ) బండిలో అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందుతుంది; అందులో ఐడ్లింగ్‌లోనే సుమారు 250 నుంచి 350 బార్, యాక్సిలరేటర్ తొక్కితే 1,600 బార్ దాటే ప్రెషర్ కూడా ఉండవచ్చు. వెంట్రుకంత సందులోంచి వచ్చే డీజిల్ ధార కూడా చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చే కనిపించి, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. అయినా అది అత్యవసర ఆపరేషన్ అవసరమయ్యే గాయం, ఆలస్యమైతే వేలు, చెయ్యి పోయే ప్రమాదం ఉంది. ఎవరికైనా అలా జరిగితే మర్నాటిదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లి, ప్రెషర్‌తో డీజిల్ లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పాలి.

మీ బండి లక్షణం ఇంజెక్టర్ల రిటర్న్ లీకును సూచిస్తోంది. వేడెక్కిన డీజిల్ పలుచబడి, అరిగిన ఇంజెక్టర్ లోపల నుంచి, మిగులు డీజిల్‌ను వెనక్కి పంపే రిటర్న్ పైపులోకి ఎక్కువగా జారిపోతుంది, సెల్ఫ్ కొట్టినప్పుడు రైల్‌లో ప్రెషర్ నిలవదు. స్కానర్‌లో రైల్ ప్రెషర్ చూస్తూ సెల్ఫ్ కొట్టండి. చాలా బండ్లలో అది దాదాపు 200 బార్‌కు చేరితే తప్ప ఇంజెక్టర్లు తెరుచుకోవు. చేరకపోతే లీక్-ఆఫ్ పరీక్ష చేయించాలి: ప్రతి ఇంజెక్టర్ రిటర్న్ మూతికీ విడిగా పారదర్శక గొట్టం, గీతలున్న సీసా తగిలించి, వేడి ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు ఐడ్లింగ్‌లో నడిపితే చాలు. మూడు సీసాల్లో కొద్దిగా, ఒకదానిలో రెండు మూడింతలు చేరితే ఆ ఒక్కటే తీసి టెస్ట్ బెంచ్ మీద పెట్టించండి. నాలుగూ సమానంగా, తక్కువగా ఉంటే హై ప్రెషర్ పంపు, ప్రెషర్ కంట్రోల్ వాల్వు చూడాలి.

మార్చవలసి వస్తే కింద రాగి వాషర్ తప్పక కొత్తది వేయించండి. చాలా ఇంజెక్టర్ల మీద అక్షరాలు, అంకెలు కలిసిన కోడ్ చెక్కి ఉంటుంది. దాన్ని స్కానర్ ద్వారా ఈసీయూలో ఎక్కించకపోతే కొత్త ఇంజెక్టర్‌తోనూ బండి గరగరలాడవచ్చు, పొగ వదలవచ్చు. బిల్లు కట్టేముందు కోడింగ్ చేశారా అని అడగండి.

ప్రశ్న: ఫోన్‌కు కలిపే చౌక బ్లూటూత్ స్కానర్ కొంటే ఇవన్నీ ఇంట్లోనే చూసుకోవచ్చా? ట్యాంకులో పోసే క్లీనర్ పనిచేస్తుందా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కోడ్‌లు, ఫ్యూయల్ ట్రిమ్‌లు చూడటానికి ఆ స్కానర్ చాలు. ఒక్కో ఇంజెక్టర్‌ను ఆపి చూసే పరీక్ష, కోడింగ్ లాంటివి చాలా వరకు దానితో కావు. క్లీనర్ తేలికపాటి మడ్డిని కొంత కరిగించగలదు, కారే ఇంజెక్టర్‌ను, కాలిన తీగచుట్టను బాగుచేయలేదు. మీది కొత్త తరం జీడీఐ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) పెట్రోల్ కారైతే మొదటి జవాబులోని నాయిడ్ లైట్, 12 ఓమ్‌ల లెక్క దానికి వర్తించవు. ఆ ఇంజెక్టర్లకు ఈసీయూ పంపే వోల్టేజీ బ్యాటరీ కన్నా చాలా ఎక్కువ, రైల్ ప్రెషర్ కూడా 200 బార్, కొన్నిటిలో అంతకన్నా ఎక్కువ ఉండవచ్చు. అలాంటి కారులో స్కానర్ చూసేదాకా మీరు, ఆపైన దాని పరికరాలున్న వర్క్‌షాపు.