లైనర్ కింద వేసే తేలిక సిమెంటు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

మైపాడు దగ్గర తోటలో ఈతకొలను పని ఒప్పుకున్నానని ఫోన్లో చెప్పావు. సంతోషం. కొలను అడుగున వేసే తేలిక సిమెంటులో వెర్మిక్యులైట్ అనే రాతి రేకులు కలిపే పద్ధతి అడిగావు కదా, అది నోటిమాటగా చెబితే కొలతలు గుర్తుండవని రాస్తున్నాను.

ముందు ఒకటి గట్టిగా చెప్పాలి. ఈ తేలిక సిమెంటు నీళ్లను ఆపదు, పీల్చుకుంటుంది. వినైల్ లైనర్ కింద, అంటే కొలనులో నీళ్లు ఆపడానికి పరిచే ప్లాస్టిక్ షీటు కింద, కాలికి మెత్తగా, నున్నగా ఉండాలని రెండంగుళాల పరుపులా వేస్తామే తప్ప దానికి బరువు మోసే బలం లేదు. రేపు ఓనరు మనసు మార్చుకుని టైల్స్ అంటే దీన్ని పక్కన పెట్టెయ్. అప్పుడు కమ్మీ కట్టి, కనీసం ఎం30 అనే బలమైన రకం కాంక్రీటు పొయ్యాల్సిందే.

సైదాపురం మైకా గనుల దగ్గర రేకులు రేకులుగా ఊడొచ్చే రాయి చూశావు కదా, వెర్మిక్యులైట్ కూడా అలాంటి పొరల రాయే. బాగా కాలిస్తే పొరల మధ్య ఉన్న నీరు ఆవిరై పేలాల్లా ఉబ్బుతుంది. దాని తేలికదనమంతా ఆ పొరల్లో చిక్కిన గాలి వల్లే. అందుకే కలిపేటప్పుడు నలగకూడదు. మొదటిసారి నాకు ఈ సంగతి తెలియక, కంకర మాల్ లాగే మిల్లర్‌లో, అంటే కాంక్రీటు కలిపే మిషన్‌లో వేసి పది నిమిషాలు తిప్పించాను. రేకులన్నీ నలిగి బురదలా అయ్యాయి. సరుకు సగం గుంటకే సరిపోయింది, ఆరాక నెర్రెలిచ్చింది. అంతా పెరికి మళ్లీ వేశాం.

కొలత ఒక తట్ట సిమెంటుకు ఐదు తట్టల వెర్మిక్యులైట్. తూకం చూడొద్దు, తట్టే లెక్క. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న కొలను అడుగుభాగానికి 6 బస్తాల సిమెంటు, వెర్మిక్యులైట్ 100 లీటర్ల మూటలైతే 11 పడతాయి. సముద్రం గాలికి సిమెంటు త్వరగా గడ్డ కడుతుంది, పని ముందురోజే తెప్పించు.

ముందు సిమెంటును నీళ్లలో గడ్డల్లేకుండా కలుపు. తర్వాత వెర్మిక్యులైట్ పోసి, రేకులన్నిటికీ సిమెంటు అంటేదాకా తిప్పించి ఆపెయ్. రెండు మూడు నిమిషాలు చాలు. గుప్పెడు తీసి పిండి చూడు. వేళ్ల సందుల్లోంచి రెండు మూడు చుక్కలు రాలి, ముద్ద విడిపోకుండా నిలిస్తే సరిపోయింది. ధారగా కారితే నీళ్లు ఎక్కువైనట్టు, పొడిపొడిగా రాలితే తక్కువైనట్టు. చేతికి గ్లోవ్స్, ముక్కుకు గుడ్డ మరిచిపోవద్దు, కూలీలకు కూడా.

అక్కడి బోరు నీళ్లు నాలుక మీద వేసుకుని చూడు. ఉప్పగా ఉంటే ట్యాంకర్ తెప్పించు. గోడలు ఇనుప ప్యానెళ్లయితే ఉప్పు వాటిని తినేస్తుంది.

లోతు వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ రండి. మట్టం బద్దతో లాగి, తాపీతో మెల్లగా అదుముతూ నున్న చెయ్యి. గట్టిగా రుద్దితే నీరు పైకి తేలి పొర లేస్తుంది. రెండు రోజులు ఎవర్నీ దిగనివ్వొద్దు. ఆరాక చెప్పుల్లేకుండా ఒకసారి నడిచి చూడు. కాలికి తగిలిన ప్రతి గరుకూ రేపు లైనర్‌కు చిల్లే. పాత కొలనులో పెళుసెక్కిన చోటయితే చెక్కేసి, అంచులు తడిపి, ఇదే పాళ్లతో అతుకు వెయ్యి.

నాకు అన్నిటికంటే టెన్షన్ ఊట నీటి గురించే. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు ఇసుక నేలల్లో నీరు పైకొస్తుంది. ఖాళీ గుంటలో ఆ నీరు కింది నుంచి తన్నితే పరుపు పగిలి లైనర్ తేలుతుంది. సంక్రాంతి దాటాకే మొదలుపెట్టు. ఒక మూల గుంట తీసి పీవీసీ పైపు నిలబెట్టి ఉంచు, నీరొస్తే మోటారుతో తోడెయ్యొచ్చు.

మాల్ కలిపే రోజు ముందుగా ఫోన్ చెయ్యి. పొద్దున మొదటి బస్సుకే వస్తాను, తొలి ముద్ద నేనే పిండి చూస్తాను.

నీ పెదనాన్న