స్కూల్ కౌన్సెలర్ అవుతానంటోంది, ఏం చదివించాలి?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర. చాలా ఏళ్లుగా బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడు), పీసీఎంబీ (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ). నీట్ వద్దు, సైకాలజీ చదివి స్కూల్లో పిల్లలకు కౌన్సెలర్‌గా చేస్తానంటోంది. వాళ్ల నాన్నేమో "మంచిమాటలు చెప్పడానికి అంత చదువెందుకు? ముందు ఏదో ఒక బీఎస్సీ కానీ, ఆ తర్వాత ఆన్‌లైన్‌లో ఎంఏ సైకాలజీ కట్టుకోవచ్చు" అంటున్నారు. అసలు ఉద్యోగాలున్నాయా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీవారి ఆన్‌లైన్ మాట తేల్చేద్దాం. ఆ దారి మూసేశారు. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ చెప్పకూడదని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) ఆదేశించింది. ఎవరైనా ఫోన్ చేసి "ఇంట్లోంచే ఎంఏ, సీట్లు అయిపోతున్నాయి" అంటే పెట్టేయండి. నన్నడిగితే మంచి పనే జరిగింది. ఎదురుగా కూర్చున్న పిల్ల నోరు విప్పకుండా అరగంట నేల చూపులు చూస్తుంటే ఏం చేయాలో వీడియో పాఠాల్లో రాదు.

ఇక ఉద్యోగాలు. సీబీఎస్ఈ 2018 అఫిలియేషన్ నిబంధనల్లోనే హైస్కూళ్లకు కౌన్సెలర్ ఉండాలని ఉంది. చాలాచోట్ల దాన్ని కాగితం మీదే నడిపించారు. అసలు కదలిక తెచ్చింది మన విశాఖపట్నం కేసు. అక్కడ హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి 2023లో చనిపోయింది. ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులైలో కోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. కోచింగ్ సెంటర్లూ హాస్టళ్లూ కూడా ఇందులోకే వస్తాయి. కాబట్టి ఉద్యోగం ఉంది. జీతం మాత్రం మొదట్లో టీచర్ జీతానికి అటూ ఇటూగానే ఉంటుంది. మీ అపార్ట్‌మెంట్లో సాఫ్ట్‌వేర్ పిల్లల జీతాలతో పోల్చే పని పెట్టుకోకండి.

"మంచిమాటలు చెప్పడం" అన్నారు కదా, అక్కడ కాసేపు ఆగుదాం. ఆరో తరగతి బాబు ప్రతి సోమవారం ప్రేయర్ అవగానే కడుపునొప్పి అంటాడు. డాక్టరు చూశాడు, ఏమీ లేదన్నాడు. "కాస్త చెప్పి పంపండి మేడమ్" అని క్లాస్ టీచర్ కౌన్సెలర్ గదికి తోలేస్తుంది. అక్కడ చెప్పడం కాదు, కనిపెట్టడం పని. నొప్పి సోమవారమే ఎందుకు? ఆ రోజు మొదటి పీరియడ్ ఏంటి? బస్సులో పక్కన కూర్చునేది ఎవరు? ఆదివారం ఇంట్లో ఏం జరుగుతోంది? వాడితో బొమ్మ వేయించాలి, టీచర్‌తో మాట్లాడాలి, తల్లిదండ్రుల్ని తప్పు పట్టినట్టు కాకుండా పిలిపించాలి.

ఇంకో సందర్భం. తొమ్మిదో తరగతి అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి "ఎవరికీ చెప్పనని మాటిస్తేనే చెబుతాను" అంటుంది. మంచిమనసున్న మనిషి వెంటనే మాటిచ్చేస్తుంది. శిక్షణ ఉన్న కౌన్సెలర్ ఇవ్వదు. "నువ్వు చెప్పేది మన మధ్యే ఉంటుంది. కానీ నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందంటే మాత్రం సాయం చేయగలిగినవాళ్లకు చెప్పాల్సి వస్తుంది. ఎవరికి చెబుతున్నానో ముందు నీకే చెబుతాను" అంటుంది. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే, దాచితే దాచినవారిపైనే కేసు. చనిపోవాలనిపిస్తోందని పిల్ల అంటే, ఆ మాటను దాటేయకుండా సూటిగా అడగడం, ఒంటరిగా వదలకపోవడం, తల్లిదండ్రుల్ని పిలిపించి ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి పంపించడం, ఇదంతా చదివి, ఒకరి కనుసన్నల్లో చేసి నేర్చుకోవాల్సిన పని. మందులు రాయడం, జబ్బు ఫలానా అని తేల్చడం కౌన్సెలర్ పని కాదు. ఎక్కడ ఆగాలో తెలియడమూ ఈ చదువులో భాగమే.

చదువు విషయానికొస్తే, మూడేళ్లో నాలుగేళ్లో సైకాలజీ డిగ్రీ, ఆపైన రెండేళ్లు కౌన్సెలింగ్ సైకాలజీలో పీజీ చేస్తే స్కూలు ఉద్యోగానికి బాగా సరిపోతుంది. పీసీఎంబీ చదివినందుకు ఏమీ నష్టం లేదు, మెదడు గురించిన పేపర్లు సులువవుతాయి. బెంగళూరులో క్రైస్ట్ యూనివర్సిటీ ఉంది. కౌన్సెలింగ్ శిక్షణకే పేరున్న మోంట్‌ఫోర్ట్ కాలేజీ ఇందిరానగర్‌లో ఉంది, మీకు దగ్గరే. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి స్కూళ్లలోకి వచ్చినవాళ్లూ ఉన్నారు. మానసిక జబ్బుల్ని గుర్తించి థెరపీ చేసే క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే అది వేరే దారి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తింపు ఉన్న కోర్సు చేసి, వాళ్ల రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. ఇన్నాళ్లూ బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లాంటి చోట్ల చేసే ఎంఫిల్ దానికి రాజమార్గం. ఎంఫిల్‌లను యూజీసీ ఎత్తేసినా దీనికి ఇచ్చిన మినహాయింపు 2025-26తో సరి, దాని స్థానంలో ఆర్‌సీఐ కొత్త కోర్సులు తెచ్చింది. ఇది ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు, డిగ్రీ మూడో ఏడుకి ఆమెకే తెలుస్తుంది. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సులకు మాత్రం డబ్బు తగలేయకండి.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు బిల్డింగులు, ప్లేస్‌మెంట్ బోర్డులు చూసి రాకండి. పీజీలో పిల్లలతో నేరుగా ఎన్ని గంటలు పని చేయిస్తారు, ఏ స్కూళ్లకు పంపుతారు, వారం వారం ఆ కేసులు కూర్చోబెట్టి మాట్లాడే సూపర్‌వైజర్ ఎవరు అని అడగండి. నీళ్లు నమిలితే వేరే కాలేజీ చూసుకోండి. ఫీజు ఎంతైనా నేను లెక్కలోకి తీసుకునేది ఈ ఒక్కటే. రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు కూడా ఇలాంటి ప్రశ్నలే: తలుపేసుకోవడానికి గది ఇస్తారా, లేక ప్రిన్సిపాల్ గది పక్కన గాజు క్యాబినా? టీచర్ రాని రోజున సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు నెత్తిన వేస్తారా? గాజు క్యాబిన్‌లోకి ఏ పిల్లా రాదు.

మీ అమ్మాయికి ఇంట్లోనే ఉన్న ఆస్తి తెలుగు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ స్కూళ్లలో తెలుగు పిల్లలకు కొదవ లేదు. ఇంగ్లిష్‌లో "ఐయామ్ ఫైన్" అనే పిల్లలు అమ్మభాషలో అడిగితే ఇంకోలా జవాబిస్తారు. నిమ్హాన్స్ కీలక కేంద్రంగా 2022లో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416, తెలుగులోనూ పలుకుతుంది. అంటే ఈ భాషకు స్కూలు బయట కూడా పనుంది. కన్నడ మాత్రం మాట్లాడటంతో సరిపెట్టుకోవద్దు, చదవడం రాయడం కూడా పట్టుబట్టి నేర్చుకోవాలి. ఆయమ్మలు, బస్సు డ్రైవర్లు, చాలామంది తల్లులు ఆమెతో మాట్లాడేది కన్నడలోనే. పరీక్షలయ్యాక జూన్ దాకా ఖాళీయే కదా, అక్కడ మొదలుపెట్టమనండి.