రంగులు తీసేయండి, కాంట్రాక్టర్ పేరు రాయండి

ప్రశ్న: మా అమ్మాయి 2022లో అనంతపురంలో బి.టెక్ (ఈఈఈ) పూర్తి చేసింది. తర్వాత గ్రూప్-2కు చదివింది. ప్రిలిమ్స్ గట్టెక్కింది గానీ, 2025 ఫిబ్రవరిలో మెయిన్స్ రాశాక ఎంపిక కాలేదు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి ఓర్వకల్లు వైపు ఒక సోలార్ ప్లాంటులో కాంట్రాక్టర్ కింద పనిచేస్తోంది. ఇప్పుడు హైదరాబాదు కంపెనీలకు దరఖాస్తులు పెడుతున్నాం, ఇక్కడే ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో కూడా అడిగాం. నెట్ సెంటర్‌లో ఫొటో పెట్టించి, రంగుల్లో రెజ్యూమె చేయించాను. ఒక్కరూ ఫోను చేయలేదు. తేదీలు వెనక్కి నెట్టి నైపుణ్యాలు ముందు పెడితే మధ్యలో ఖాళీ కనిపించదని స్నేహితురాలు చెప్పిందట. ఏ ఫార్మాట్ మంచిది? అన్నిచోట్లకూ ఒకటే సరిపోతుందా?
— ఒక తండ్రి, కర్నూలు

జవాబు: అయ్యా, మీరు జతచేసిన రెజ్యూమె చూశాను. శుభలేఖకైతే ఆ అందం చక్కగా సరిపోయేది. ఎడమవైపు నీలిరంగు పట్టీ, అందులో ఫొటో, దాని కింద నైపుణ్యాలకు గీతలు. ‘ఎక్సెల్’ పక్కన గీత ముప్పాతిక వరకు నిండి ఉంది. ఎందులో ముప్పాతిక? ఆ గీతను ఎలా కొలిచారో గీసినవారికే తెలియాలి. అసలు పని గురించి రాసింది మాత్రం రెండే లైన్లు: ‘సోలార్ ప్లాంటులో ఇంజనీరు. బాధ్యతగా పనిచేస్తాను.’

రెజ్యూమెల్లో వాడుకలో ఉన్నవి మూడు పద్ధతులు. తాజా ఉద్యోగం పైన, పాతవి కింద ఉండేలా తేదీల వరుసలో రాసేది ఒకటి. తేదీలను మరుగున పెట్టి నైపుణ్యాల చుట్టూ రాసేది రెండోది. ముందు నాలుగు లైన్లలో నైపుణ్యాలు చెప్పి, ఆ తర్వాత తేదీల వరుసకు వచ్చేది మూడోది. మీ అమ్మాయికి మొదటిదే సరైనది. స్నేహితురాలి సలహా మంచి మనసుతో ఇచ్చిందే కావచ్చు, కానీ పాటించవద్దు. తేదీలు కనిపించని రెజ్యూమె చేతికి రాగానే హెచ్‌ఆర్ వాళ్లకు వచ్చే మొదటి అనుమానం ‘ఏదో దాస్తున్నారు’ అనే. దాచాలనుకున్న ఖాళీ మీదకే వాళ్ల చూపు పోతుంది. ఆ పద్ధతి ఎప్పుడో గానీ పనికిరాదు. పదేళ్లు ఒక రంగంలో ఉండి పూర్తిగా వేరే రంగానికి మారేవాళ్లు వాడుకోవచ్చు, అదీ తప్పనిసరైతేనే.

చదువుకున్న ఆ కాలాన్ని ఖాళీ అనడమే నాకు నచ్చదు. దానికి ఒక్క లైను చాలు. ‘2022–2025: పోటీ పరీక్షల సన్నద్ధత, ఏపీపీఎస్సీ గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో అర్హత’ అని తేదీల వరుసలో, దాని చోట్లో దాన్ని రాయించండి. ప్రిలిమ్స్ పాసైనంత మాత్రాన సోలార్ కంపెనీ ఉద్యోగం ఇవ్వదు. కానీ ఆ ఏళ్లలో ఏం చేశావన్న ప్రశ్నకు జవాబు ముందే దొరుకుతుంది, ఇంటర్వ్యూ పని మీదకు మళ్లుతుంది. కష్టాలు, కారణాలు, క్షమాపణలు అక్కడ రాయనక్కర్లేదు.

అసలు చిక్కు ఫార్మాట్‌లో కన్నా మరోచోట ఉందని నా అనుమానం. రెజ్యూమెలో ఉద్యోగం ఇచ్చిన సంస్థ అన్నచోట ప్లాంటు యజమాని కంపెనీ పేరు ఉంది. మీ ఉత్తరంలో మాత్రం కాంట్రాక్టర్ కింద అని ఉంది. మన జిల్లాల్లో ఇది సర్వసాధారణం. గని, శకునాల గ్రామాల సోలార్ పార్కులో గానీ, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో గానీ, పెనుకొండ దగ్గర కియాకు విడిభాగాలు చేసే యూనిట్లలో గానీ చాలామంది పిల్లలు పనిచేసేది పెద్ద గేటు లోపలే అయినా జీతం ఇచ్చేది వేరొకరు. ఊళ్లో అడిగితే పెద్ద కంపెనీ పేరే చెబుతారు. అందులో తప్పు లేదు. రెజ్యూమెలో మాత్రం అలా రాయకూడదు. ఆఫర్ ఇచ్చేముందు చాలా కంపెనీలు పాత ఉద్యోగాల వివరాలు సరిచూసుకుంటాయి. పీఎఫ్ ఖాతా ఉంటే, యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కింద సర్వీస్ హిస్టరీలో ఏ సంస్థలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారో కనిపిస్తుంది. అక్కడ కాంట్రాక్టర్ పేరు, రెజ్యూమెలో ఇంకొకరి పేరు ఉంటే అబద్ధం ఆడారనే అనుకుంటారు. ఇంటర్వ్యూ గెలిచాక ఇక్కడ ఓడిపోవడం కన్నా బాధ ఇంకోటి ఉండదు.

కాబట్టి ఇలా రాయించండి. మొదటి లైనులో హోదా, కాంట్రాక్టర్ సంస్థ పేరు, తేదీలు. హోదా ఆఫర్ లెటరులో ఏముందో అదే. ‘టెక్నీషియన్’ అని ఉంటే ఇంజనీరు చేయకండి. రెండో లైనులో పనిచేసిన చోటు: ఫలానా కంపెనీ సోలార్ ప్లాంటు, ఎన్ని మెగావాట్లు, ఓర్వకల్లు మండలం. పెద్ద కంపెనీ పేరు ఎలాగూ వచ్చేస్తుంది, అదీ నిజాయితీగా వస్తుంది. జీతం స్లిప్పు మీద ఉన్న పేరును అక్షరం పొల్లుపోకుండా దించుకోమనండి.

ఆ కింద వచ్చే నాలుగైదు లైన్లే ఆమెకు ఫోను తెప్పిస్తాయి. ఇక్కడ ‘కష్టపడే తత్వం’, ‘కలుపుగోలుతనం’ వంటి మాటలు ఒక్కటీ వద్దు. రోజూ ఏం చేస్తుందో ఆమెనే కూర్చోబెట్టి అడగండి. పొద్దున్నే కంట్రోల్ రూములో స్కాడా (యంత్రాల పనితీరు చూపే వ్యవస్థ) తెర మీద ఏ ఇన్వర్టర్ తక్కువ కరెంటు ఇస్తోందో చూడటం, ప్యానెళ్ల వరుసల తీగలన్నీ కలిసే స్ట్రింగ్ కాంబైనర్ బాక్సు దగ్గరకు వెళ్లి కరెంటు కొలవడం, కాలిన ఫ్యూజు గుర్తించడం, ప్యానెళ్లు కడిగే మనుషులకు ఏ వరుస ఏ రోజో చెప్పడం, సాయంత్రం ఉత్పత్తి నివేదిక ఎక్సెల్‌లో తయారుచేయడం. ఇవి ఆమె చేస్తున్న పనులే అయితే ఇలాగే, ఇదే వివరంతో రాయాలి. ఎన్ని ఇన్వర్టర్లు తన కింద ఉన్నాయి, షిఫ్టులో ఎంతమంది ఉంటారు అన్న లెక్కలు తనకు కచ్చితంగా తెలిసినవే వేయాలి. సోలార్ రంగంలో ఉన్నవారెవరైనా ఈ లైన్లు చదివితే ఈ అమ్మాయి ప్లాంటు చూసిందని ఇట్టే గ్రహిస్తారు. అలా రాస్తే ఎక్సెల్‌కు గీత కూడా అక్కర్లేదు.

రంగుల సంగతి. పెద్ద కంపెనీల వెబ్‌సైట్లో దరఖాస్తు పెడితే అది ముందు ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి పోతుంది. అది కనిపించినవాటినల్లా తిరస్కరించే రాక్షసి అని ప్రచారం ఉంది గానీ, ఎక్కువగా అది చేసేది రెజ్యూమెను విడదీసి పేరు, చదువు, అనుభవం అని గళ్లలో నింపడమే. తర్వాత హెచ్‌ఆర్ వాళ్లు ‘స్కాడా’, ‘ఇన్వర్టర్’ అని వెతుకుతారు. పేజీ రెండు నిలువు భాగాలుగా ఉంటే ఆ విడదీయడంలో అటు లైను ఇటు లైను కలిసిపోవచ్చు. బొమ్మలో ఉన్న అక్షరాలు, పేజీ పైఅంచున పెట్టిన ఫోను నంబరు కొన్నిసార్లు అసలు లోపలికే వెళ్లవు. పరీక్షించడం తేలిక. పీడీఎఫ్ తెరిచి, మొత్తం కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించండి. వరుస చెడకుండా చదవగలిగితే సరే. నేను మీది అతికించి చూశాను: ‘అనంతపురం’ తర్వాత ‘వంట’ వచ్చింది, కాలేజీకీ హాబీలకూ మధ్య గోడ లేకుండా పోయింది. తెల్ల కాగితం, ఒకే నిలువు వరుస, మామూలు ఫాంటు, ఒక్క పేజీ. ఆమె అనుభవానికి అంతకు మించి అక్కర్లేదు.

ఫొటో, తండ్రి పేరు, కులం, మతం, పెళ్లి వివరాలు తీసేయించండి. ఆధార్ నంబరు ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడదు. చివర ‘పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అనే వాక్యం ఉన్నా నష్టం లేదు, లేకపోయినా ఎవరూ అడగరు.

పాలిటెక్నిక్ విషయం వేరు. అక్కడ రెజ్యూమె చూసేది కరస్పాండెంటో ప్రిన్సిపాలో. సాఫ్ట్‌వేర్ గొడవ ఉండదు. వాళ్లు ముందు చూసేది బి.టెక్‌లో ఏ క్లాసు, పదో తరగతి నుంచి మార్కులు ఎంత అన్నదే. అందుకే ఆ ప్రతిలో చదువును అనుభవం కన్నా పైకి తేవాలి, మార్కులు శాతాలతో సహా ఇవ్వాలి, ఏ సబ్జెక్టులు చెప్పగలదో ఒక లైను చేర్చాలి. వాళ్లు ఫొటో, పుట్టిన తేదీ అడిగితే ఇవ్వండి. ప్రింటు తీసి, సర్టిఫికెట్ల జిరాక్సులు జతచేసి నేరుగా ఇవ్వడమే మేలు. అంటే ఒకే రెజ్యూమె కాదు, రెండు. ఇక మళ్లీ ఏపీపీఎస్సీ వైపు వెళ్తే రెజ్యూమె ఊసే ఉండదు, ఆన్‌లైన్ దరఖాస్తులో వాళ్లు అడిగిన గళ్లు నింపడమే.

చివరగా, రెజ్యూమెలో ఫోను నంబరు మీది, మెయిల్ కూడా మీ పేరుతోనే ఉంది. రెండూ అమ్మాయివే ఉండాలి. కంపెనీ వాళ్లు ఫోను చేసి అప్పటికప్పుడే రెండు ప్రశ్నలు అడగవచ్చు. ఇన్వర్టర్ ట్రిప్ అయితే (దానంతటదే ఆగిపోతే) ఏం చేస్తావంటే మీరేం చెబుతారు? షిఫ్టులో ఫోను ఎత్తలేదన్నదే మీ బెంగ అయితే, ఏ వేళల్లో మాట్లాడగలదో నంబరు పక్కనే రాయమనండి.