లెక్క మీది, అడగాల్సిన ప్రశ్న ఆయనది

న్యూజెర్సీ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం క్లుప్తంగా ఇదీ:

"మేడమ్, మాది గుంటూరు. పెళ్లికి ముందే యూదు మతంలోకి మారాను, ఇష్టంతోనే. పెళ్లయి 4 ఏళ్లు. బహిష్టు 5 రోజులు, ఆపైన రక్తం కనిపించని 7 శుద్ధ దినాలు లెక్కపెట్టి, ఆ రాత్రి మిక్వేలో, అంటే శుద్ధిస్నానపు కొలనులో, మునిగేదాకా నేనూ మా ఆయనా ఒకరినొకరం తాకం. నాకు 23 రోజులకే నెలసరి వస్తుంది. 10వ రోజుకే అండం విడుదలైపోతోందని, మేం కలిసేసరికి ఆ అదను దాటిపోతోందని డాక్టర్ చెప్పింది. అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా పిల్లల మాటే. మా అమ్మేమో 'ఇక్కడి ముట్టు వద్దని అక్కడి ముట్టులో పడ్డావు' అంటుంది. మా ఆయనకు తెలియకుండా రెండు మూడు రోజులు తగ్గించి చెప్తే తప్పా?"

తప్పే. దాని మీద చర్చ అనవసరం. యూదు శాస్త్రం ఈ రోజుల లెక్కను ఆడదాని చేతికే ఇచ్చింది. బైబిల్లోని లేవీయకాండము 15లో 'ఆమె లెక్కపెట్టుకోవాలి' అనే ఉంది. యూదుల ధర్మచర్చల గ్రంథమైన తల్మూదులోని పండితులు కూడా ఆ మాట పట్టుకునే, ఈ విషయంలో భార్య చెప్పిందే భర్తకు ప్రమాణం అన్నారు. ఎవరూ సాక్ష్యం అడగరు. ఇంత నమ్మకం చేతిలో పెట్టిన చోట అబద్ధం ఆడితే, రేపు పుట్టే బిడ్డను చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది మీకు.

మీ అమ్మగారి మాట నాకూ గుచ్చుకుంది. 'కాకి ముట్టింది' అని చెప్పి మా అమ్మ పెరటి వసారాలో చాప మీద కూర్చుంటే, అన్నం దూరం నుంచి జరిపేవాళ్లు. వయసొచ్చాక నేనూ కూర్చున్నాను. ఆ అవమానం ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే చెప్తున్నాను, మీరు పాటించేది అది కాదు. ఆ రోజుల్లోనూ మీరు వండుతారు, నలుగురితో కలిసి తింటారు, శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగిస్తారు, ప్రార్థన పుస్తకం పట్టుకుంటారు. ఎడం ఉండేది భార్యాభర్తల మధ్యే. యెరూషలేము ఆలయం క్రీ.శ. 70లో కూలాక మైల నియమాల్లో చాలావాటికి ఆచరణ లేకుండా పోయింది, ఇది మాత్రం కాపురంలో నిలిచింది. ఆవగింజంత రక్తం కనిపించినా 7 రోజులు ఆగుతామని ఇశ్రాయేలు స్త్రీలే తమకు తాము పెట్టుకున్నారని జేరా అనే రబ్బీ, అంటే యూదు మతగురువు, అన్నట్టు తల్మూదులో ఉంది. ఇదంతా మీ అమ్మగారికి ఒక్కసారి నెమ్మదిగా చెప్పి ఊరుకోండి. వాదన వద్దు.

నన్ను కలవరపెట్టింది మీ ఆయన. ఇంత పెద్ద ఉత్తరంలో ఆయన ఒక్క పని కూడా చేయలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లింది మీరు. అత్తగారి ఫోన్ ఎత్తేది మీరు. దొంగలెక్క గురించి రాత్రిళ్లు మథనపడేదీ మీరే. పిల్లల్ని కనాలన్న ఆజ్ఞ మీ శాస్త్రంలో ఎవరి మీద ఉందో ఆయనకు తెలియదా? మగవాడి మీద! తల్మూదుకు మూలమైన మిష్నా తేల్చింది అదే. అలాంటప్పుడు రబ్బీ గుమ్మం ముందు నిలబడాల్సిందీ, వాళ్లమ్మకు 'ఇకమీదట అడగకు' అని చెప్పాల్సిందీ ఆయనే. మిక్వే రాత్రి ఏదో ఇంట్లో పిల్లలకు కూడా తెలియనివ్వని మర్యాద మీవాళ్లది. ఆ మర్యాద అత్తగారికీ వర్తిస్తుంది.

మీ ఇబ్బంది కొత్తదేమీ కాదు. రబ్బీలకూ యూదులుండే ఊళ్లలోని డాక్టర్లకూ బాగా తెలిసినదే. శుద్ధ దినాలకు ముందు 5 రోజులన్నది అష్కెనాజీల, అంటే ఐరోపా మూలాల యూదుల, ఆచారం; స్పెయిన్ మూలాల సెఫార్దీల్లో చాలామందికి 4 చాలు. పిల్లల కోసం ఇబ్బంది పడేవాళ్లకు ఎక్కడ సడలించవచ్చో రబ్బీ చూస్తారు. రంగు బట్ట మీది రక్తపు మరకకు లెక్కే వేరు, తెల్లబట్ట మీద ఉన్నంత పట్టింపు ఉండదు. మీరు భయపడి అక్కర్లేని రోజులు కూడా కలుపుకుంటున్నారేమో చూసుకోండి. మరక పరీక్షించిన గుడ్డ ముక్కను రబ్బీకి, ఒక మగాడికి, చూపించడానికి సిగ్గయితే, ఈ విషయాల్లోనే శిక్షణ పొందిన స్త్రీలున్నారు, యోయెట్సెత్ అంటారు. యెరూషలేములోని నిష్మత్ సంస్థ 1997 నుంచి వాళ్లను తయారుచేస్తోంది, అమెరికాలోనూ ఉన్నారు. అండం విడుదలను ఆలస్యం చేసే మాత్రలూ ఉన్నాయి. కానీ అడగాల్సినవన్నీ అడగకముందే మీ ఒంట్లోకి మందు వెళ్లడం నాకిష్టం లేదు.

ఈ నెల ఎడంగా ఉండే రోజుల్లోనే ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి డాక్టర్ రిపోర్టు బల్ల మీద పెట్టండి. చేతికి అందించకూడదు కదా, బల్ల మీదే పెట్టండి. 'మీరు రబ్బీని అడిగి వచ్చేవరకు ఈ విషయంలో నేనింకేమీ చేయను' అనండి. గొంతు పెంచొద్దు, కన్నీళ్లు పెట్టొద్దు.

ఇంకొకటి. 4 ఏళ్లలో పరీక్షలన్నీ మీకే జరిగాయి. ఆయన వీర్య పరీక్ష చేయించుకున్నారా? ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ మాట ఎక్కడా కనిపించలేదు.