పుస్తకం చూసి ఆత్మరక్షణ నేర్చుకోవచ్చా? నా అనుభవం

మీది అంబాజీపేట దగ్గర పల్లెటూరని, అమలాపురంలో డిగ్రీ చదువుతున్నానని, సాయంత్రం బస్సు దిగాక కాలువ గట్టు మీద కిలోమీటరు నడవాలని రాశారు. చుట్టుపక్కల కరాటే నేర్పేవాళ్లు లేరని, పాత పుస్తకాల్లో ఆత్మరక్షణ పుస్తకం ఒకటి దొరికిందని, అది చూసి నేర్చుకుంటే పనికొస్తుందా అని అడిగారు. పనికొస్తుందండి. అయితే ఒక్కరే కూర్చుని చదివితే రాదు. పుస్తకంలో ఉన్నదంతా నేర్చుకోవాలనుకుంటే అసలు రాదు. నేను ఇలాగే నేర్చుకున్నాను కాబట్టి ఎక్కడ తప్పు చేశానో చెప్తాను.

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సు ఘటన జరిగినప్పుడు నేను అమలాపురంలో ఒక బట్టల షాపులో కొత్తగా చేరాను. ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది అయ్యేది. నేను గుమ్మంలోకి వచ్చేదాకా అమ్మ అన్నం తినేది కాదు. ఉద్యోగం మానెయ్యమన్నారు, నేను మానను అన్నాను. మా పిన్ని కూతురు రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో ఒక పుస్తకం కొని తెచ్చింది. తెల్ల బట్టలు కట్టుకున్న ఇద్దరు మగవాళ్లు, నలుపు తెలుపు ఫొటోలు, నూటికి పైగా పట్లు. ఏ పట్టుకైనా మూడే బొమ్మలు: ఒకడు పట్టుకుంటాడు, రెండోవాడు తిరుగుతాడు, పట్టుకున్నవాడు కింద పడి ఉంటాడు.

మేమిద్దరం పెరట్లో రోజూ చేసేవాళ్లం. తను పట్టుకునేది, నేను తిప్పేదాన్ని, తను పడేది. తర్వాత ఏం జరగాలో ఇద్దరికీ ముందే తెలుసు కాబట్టి అన్నీ చక్కగా వచ్చేవి. రెండు నెలల్లో పాతిక పట్లు నేర్చేసుకున్నామనుకున్నాం.

ఒకరోజు మా మావయ్య వచ్చి చూశాడు. ఆయన కుర్రతనంలో అమలాపురం దసరాకి చెడీ తాలింఖానాలో, అంటే ఊరేగింపులో చేసే కర్రసాము, కత్తిసాములో, కర్ర తిప్పిన మనిషి. పైగా ఏళ్ల తరబడి కొబ్బరికాయలు ఒలిచిన చేతులు. "ఏదీ అమ్మడూ, విడిపించుకో" అని నా మణికట్టు పట్టుకున్నాడు. బొమ్మలో ఉన్నట్టే బొటనవేలి వైపు తిప్పి లాగాను. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. ఆయన నేను లాగిన వైపుకే ఒక అడుగు వేశాడంతే, నా బలమంతా వృథా అయిపోయింది. "బొమ్మలో ఉన్నోడు నిలబడిపోయాడమ్మా. బయట ఉన్నోడు నీతోపాటే వస్తాడు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చేతకాని పనిని చేతనైందని నమ్ముకుని రెండు నెలలు మా ఊరి గట్టు మీద రాత్రిపూట ధైర్యంగా నడిచాను కదా అని భయమేసింది.

ఆ ఎండాకాలం కాకినాడలో పిన్ని వాళ్లింట్లో నెల రోజులున్నాను. అక్కడ ఆడపిల్లలకి జూడో నేర్పే క్లాసుకి వెళ్లాను. నా మణికట్టు కథ విని ఆ మాస్టారు ఒక్క నిమిషంలో తప్పు పట్టుకున్నారు. ఫొటోలో చెయ్యి వెనక్కి లాగుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి మోచెయ్యి ముందుకెళ్లాలి. అది ఫొటోకి అందదు.

వివరంగా చెప్తాను, ఈ ఒక్కటి వచ్చినా మీకు చాలా ఉపయోగం. ఎవరైనా మణికట్టు పట్టుకుంటే ఒక వైపు నాలుగు వేళ్లుంటాయి, ఇంకో వైపు బొటనవేలు ఒక్కటే ఉంటుంది. ఆ బొటనవేలి కొస, మిగతా వేళ్ల కొసలు కలిసే చోటే పట్టులో బలహీనమైన జాగా. మన ముంజేయి ఒకవైపు వెడల్పుగా, ఒకవైపు సన్నగా ఉంటుంది కదా, ఆ సన్నటి అంచు సరిగ్గా ఆ సందుకి ఎదురుగా వచ్చేలా చెయ్యి తిప్పాలి. తిప్పి లాగకూడదు. అవతలివాడి వైపు ఒక అడుగు వేసి, మోచెయ్యి మడిచి, మన మోచేతిని అతని మోచేతి వైపు తోయాలి. అప్పుడు మన ఒంటి బరువంతా అతని బొటనవేలి ఒక్కదాని మీద పడి వేళ్లు తెరుచుకుంటాయి. రెండు చేతులతో పట్టుకుంటే మన రెండో చేత్తో మన పిడికిలినే పట్టుకుని, అదే అడుగుతో, అతని రెండు బొటనవేళ్ల మధ్య నుంచి పైకి లాగాలి. ఊరికొచ్చాక మావయ్య దగ్గర చేసి చూపించాను. మొదటిసారి రాలేదు, మూడోసారి ఆయన చెయ్యి విడిపోయింది. ఈసారి ఆయన నాతోపాటు కదిలినా విడిపోయింది.

అప్పట్నుంచి పుస్తకం చదివే పద్ధతి మార్చాం. ఇద్దరు కాదు, ముగ్గురు కావాలి. ఒకరు పుస్తకం పట్టుకుని బిగ్గరగా చదవాలి, ఇద్దరు చెయ్యాలి. చేస్తూ పుస్తకంలోకి తొంగిచూస్తే, బొమ్మలో మనిషి మనకి ఎదురుగా ఉంటాడు కాబట్టి కుడి ఎడమలు తారుమారైపోతాయి. పట్టుకునేవాళ్లు మొదట మెల్లగా, తర్వాత గట్టిగా, ఆ తర్వాత లాగుతూ, తోస్తూ పట్టుకోవాలి. లాగుతూ పట్టుకున్నప్పుడు రాకపోతే అది ఇంకా రానట్టే లెక్క.

ముందుగా ఒక గుర్తు పెట్టుకోండి: అరచేత్తో రెండుసార్లు తడితే వెంటనే వదిలెయ్యాలి. మేం మొదట్లో ఇది పెట్టుకోలేదు. ఒక మెలి నేను వేగంగా తిప్పేశాను, మా పిన్ని కూతురి మణికట్టు బెణికి మూడు వారాలు బిందె ఎత్తలేకపోయింది. ఆ తప్పు నాది. కీళ్లు మెలిపెట్టే పట్లు పుస్తకం చూసి మాత్రం చెయ్యకండి. మెడ పట్టుకునేవి సాధన చేసేటప్పుడు కూడా చేతులు భుజాల మీదే ఉండాలి, గొంతు నొక్కకూడదు. మెడకి రెండు పక్కలా ఉండే రక్తనాళాలు నొక్కుకుపోతే క్షణాల్లో స్పృహ పోతుంది.

ఇంతకీ ఏది ముందు నేర్చుకోవాలి? పడటం. పుస్తకంలో అది చివర్లో రెండు పేజీల్లో ఉంటే మేం వదిలేశాం. కాకినాడలో మొదటి వారమంతా అదే చేయించారు. 1882లో జిగోరో కానో టోక్యోలో మొదలుపెట్టిన జూడోలో దీన్ని ఉకెమి అంటారు. కొత్తగా చేరినవాళ్లకి ముందు నేర్పేది అదే. ఎవరైనా తోస్తే మనం చేతులు వెనక్కి చాపి పడతాం, మణికట్టు విరుగుతుంది. తల వెనక్కి వాలి నేలకి కొట్టుకుంటే అంతకంటే ప్రమాదం. గడ్డం ఛాతీకి ఆనించి, మన నడుము వైపు చూస్తూ, వీపు గుండ్రంగా వంచి దొర్లాలి. వీపు నేలకి తగిలే క్షణంలో రెండు చేతులూ ఒంటికి కాస్త దూరంగా, అరచేతి నుంచి మోచేయి దాకా ఒకేసారి నేలకి చరచాలి. ఊపిరి వదలాలి. దెబ్బ ఒకేచోట పడకుండా పంచుకుంటుంది. వరిగడ్డి మందంగా పరిచి దానిమీద బొంత వెయ్యండి. మొదటి వారం కూర్చుని వెనక్కి పడటం, రెండో వారం గొంతుకూర్చుని, ఆ తర్వాతే నిలబడి. నాకు ఇది బయట ఎవరితోనూ గొడవ లేకుండానే పనికొచ్చింది. వానాకాలంలో గట్టు మీద జారి పడి లేచాను, ఒక గీత కూడా పడలేదు.

గట్టు మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. ఆ పుస్తకాలు చాప పరిచిన గదిలో ఫొటోలు తీసినవి. మనది ఒండ్రు మట్టి. చినుకు పడితే హవాయి చెప్పులతో మామూలుగా నడవడమే కష్టం, అలాంటిచోట కాలెత్తి తన్నడం పనికిరాదు. తన్నాలంటే మోకాలి కింద మాత్రమే, అదీ ముందు చెప్పులు విడిచాకే. జూడో పట్లు చాలావరకు ఆ మందపాటి తెల్ల కోటు అంచు పట్టుకుని చేసేవి. బయట పలచటి చొక్కా పట్టుకుంటే చిరిగి చేతికొస్తుంది. ఇక చున్నీ గురించి ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. మెడ చుట్టూ చుట్టుకున్న చున్నీని వెనక నుంచి లాగితే అదే ఉరి అవుతుంది. గట్టు మీద నడిచేటప్పుడు దాన్ని తీసి బ్యాగులో పెట్టుకోండి, లేదా పిన్ను లేకుండా ఒక భుజం మీద వేసుకోండి, లాగితే ఊడి వచ్చేలా.

కొట్టడం గురించి ఎక్కువ చెప్పను. పిడికిలితో ముఖం మీద గుద్దితే చిటికెన వేలి వైపు ఎముక మనదే విరగొచ్చు. మణికట్టుకి ఆనుకుని ఉండే అరచేతి అడుగు భాగంతో ముక్కు మీదకో గడ్డం కిందకో కొట్టాలి. మేం చెట్టుకి ఊక బస్తా కట్టి నేర్చుకున్నాం. కత్తి ఉన్నవాడి చేతిలోంచి కత్తి లాక్కునే బొమ్మలుంటే ఆ పేజీలు చదవకండి. అడిగింది పడేసి పరుగెత్తండి.

అరవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. కొబ్బరితోటలోకి వెళ్లి అరవమంటే మొదటిరోజు నా గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. టెన్షన్‌లో ఇంకా రాదు. వారం రోజులు అరిచాక వచ్చింది.

2014 కార్తీకమాసంలో ఒక రాత్రి బస్సు ఆలస్యమైంది. గట్టు మీద బైక్ ఆపి నిలబడ్డవాడు నేను దాటుతుంటే చెయ్యి పట్టుకున్నాడు. నాకు ఏ బొమ్మా గుర్తు రాలేదు. "మావయ్యా!" అని అరుపు వచ్చింది, కాలు అతని వైపు పడింది, మోచెయ్యి వెళ్లింది, చెయ్యి విడిపోయింది. చెప్పులు, బ్యాగు అక్కడే వదిలేసి రొయ్యల చెరువు కాపలా షెడ్డు దాకా పరుగెత్తాను. అక్కడున్న పెద్దాయన టార్చి వేసుకుని బయటికొచ్చాడు. బైక్ వెళ్లిపోయింది. అతన్ని కొట్టాలని నాకు ఆ క్షణంలో అనిపించలేదు, షెడ్డులో వెలిగే బల్బు ఒక్కటే కనిపించింది. మీరు కూడా మీ దారిలో రాత్రిపూట దీపం ఉండే ఇళ్లు, షెడ్లు ఎక్కడెక్కడున్నాయో పగలు నడిచి చూసుకోండి. ఆ ఇళ్లవాళ్లతో ఒకసారి మాట్లాడి ఉంచండి. ఫోన్‌లో అత్యవసర నంబరు 112 చేత్తో వెతక్కుండా నొక్కేలా పెట్టుకోండి.

తిరగబడితే కేసు మన మీద పడుతుందేమోనని మా అమ్మ భయపడేది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. కాపాడుకోవడానికి అవసరమైనంత వరకు ఆ హక్కు ఉంది, అవసరానికి మించి హాని చేసే హక్కు లేదు. విడిపించుకుని పరుగెత్తేవాళ్లకి ఆ భయం అక్కర్లేదు.

మీ పుస్తకంలోంచి మణికట్టు విడిపించుకోవడం, పడటం, అరచేతి దెబ్బ, మెడ పట్టు విడిపించుకోవడం, ఈ నాలుగూ తీసుకోండి. ఆరు నెలలు ఇవే చెయ్యండి. సెలవుల్లో రాజమండ్రిలోనో కాకినాడలోనో చుట్టాలుంటే ఒక నెల క్లాసుకి వెళ్లిరండి, ఆ తర్వాత అదే పుస్తకం తెరిస్తే బొమ్మల మధ్య ఏం జరిగిందో మీకే కనిపిస్తుంది. మీ అన్నయ్యనో బావనో గట్టిగా పట్టుకోమనండి, మొహమాటపడి వదిలేస్తే ఒప్పుకోకండి. పట్టు ఎక్కడ ఆగిపోతోందో, అడుగు దగ్గరా, మోచెయ్యి దగ్గరా, చూసి ఇక్కడే రాయండి. నేను రోజూ రాత్రి చూస్తుంటాను.