పుదీనా కాడలు సాగిపోతుంటే

ఆరంగుళాల కుండీలో రెండేళ్లుగా ఉన్న పుదీనా సన్నగా సాగి, కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయన్నారు కదండీ. అది ఎరువు లోపం కాదు, వేర్లకు చోటు చాలట్లేదు. మట్టిముద్దను బయటికి తీసి చూడండి, అడుగున తెల్లటి వేరుకాడలు చుట్ట చుట్టుకుని ఉంటాయి. కత్తితో నాలుగు ముక్కలు చేసి, ఒక్కదాన్నే 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల లోతున్న కుండీలో నాటండి. లోతుకంటే వెడల్పే ముఖ్యం, పుదీనా పక్కకే పాకుతుంది. మట్టి రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒకటి, కొబ్బరిపొట్టు ఒకటి. కాడలన్నీ రెండంగుళాలు ఉంచి కత్తిరించేయండి, భయపడకండి, మళ్లీ గుబురుగా వస్తుంది. పొద్దుటి ఎండ నాలుగు గంటలైనా తగలాలి. ఎప్పుడు కోసినా ఆకుల జతకు సరిగ్గా పైన కోయండి, అక్కడే రెండు కొమ్మలు పుడతాయి.

కోసిన పుదీనాతో మొహీతో (నిమ్మరసం, పుదీనా కలిపిన చల్లటి పానీయం) చేసుకుంటే కొన చిగుళ్లే వాడండి. గ్లాసులో మెల్లగా నొక్కితే చాలు, ముద్దగా నలిపితే చేదు దిగుతుంది. ముదురాకులు పచ్చడికి.