పేరు లేకుండా పన్నెండు సీరియల్స్ రాసినాయన

ఇష్టమైన పిల్లల రచయిత జీవితంలో ఆసక్తికరమైన సంగతులు చెప్పమని అడిగారు. నేనైతే దాసరి సుబ్రహ్మణ్యం గారి గురించే చెప్తాను. పేరు ఎక్కడా విన్నట్టు లేదా? తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, మాయాసరోవరం అంటే మాత్రం వెంటనే గుర్తొస్తాయి. చందమామలో అవన్నీ రాసింది ఆయనే. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి భల్లూక మాంత్రికుడు దాకా మొత్తం 12 సీరియల్స్. నెలనెలా అచ్చయినప్పుడు ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. నా లెక్కలో ఆయన జీవితంలో ఇంతకన్నా పెద్ద విశేషం లేదు.

మా మేనమామ చందమామల్లోంచి సీరియల్ పేజీలు మాత్రం విడదీసి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి అట్ట వేసుకున్నారు. శిథిలాలయం నేను చదివింది అందులోనే. దారం మరీ బిగించి లాగడంతో లోపలి అంచున అక్షరాలు కుట్టులోకి పోయాయి. రెండు చేతులతో పుస్తకాన్ని విప్పి పట్టుకుని, ముఖం ఆనించి కూడబలుక్కుంటూ చదివేదాన్ని. శిఖిముఖి, విక్రమకేసరి ఎక్కడ చిక్కుల్లో పడితే అక్కడ సరిగ్గా "ఇంకా వుంది". గబగబా పేజీ తిప్పితే చందమామ చిత్రకారుడు చిత్ర గారి బొమ్మ. అట్ట మీద మావయ్య కథ పేరు గుండ్రంగా రాసి, కింద "రచయిత" అని రాసి, ఎదురుగా ఖాళీ వదిలేశారు. ఎవరు రాశారు మావయ్యా అంటే, "చందమామ వాళ్ళేనమ్మా" అన్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. 1952లో చేరి, అర్ధ శతాబ్దం పైగా మద్రాసులో ఆ పత్రికకే పనిచేసిన మనిషి! బొమ్మ వేసినాయన సంతకం ఉంటుంది, కథ రాసినాయన పేరు ఉండదు. ఇదేం న్యాయం? పత్రిక పద్ధతి అది అంటారు. పద్ధతి మార్చడానికి ఎంత సిరా ఖర్చవుతుంది?

ఇంకో సంగతి. మాంత్రికులతో, రాక్షసులతో పేజీలు నింపిన ఈయన స్వతహాగా హేతువాది, వామపక్ష భావాలవాడు. ఆయన కథల్లో నాకు నచ్చేదీ అదే. వీరులు వరాల కోసం చేతులు జోడించి కూర్చోరు, బుర్రా భుజబలమూ వాడి బయటపడతారు. పిల్లల్ని భయపెట్టే కథలని వీటిని తీసిపారేసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. భయపడుతూనే రాత్రంతా చదివిన పిల్లలం మేము, ఒక్కరికీ ఏమీ కాలేదు.

చందమామ స్థాపకుల్లో ఒకరైన చక్రపాణి గారికీ ఈ ధోరణి అంతగా నచ్చేది కాదని, మధ్యలో ఆపి బెంగాలీ రచయిత బంకించంద్రుడి నవల దుర్గేశనందిని వేయించారని, పాఠకులు తగ్గిపోతుంటే మళ్ళీ ఈయన్నే రాయమన్నారని చందమామ అభిమానులు చెప్పుకుంటారు. నాకైతే ఆశ్చర్యం లేదు. బంకించంద్రుడు ఎంత గొప్పవాడైనా, నెల రోజులు పిల్లల్ని ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టడం వేరే విద్య. ఆ విద్యలో తెలుగులో ఈయన్ని మించినవాళ్ళు లేరు.

తర్వాత అభిమానులు పూనుకుని ఈ సీరియల్స్‌ని ఆయన పేరుతోనే పుస్తకాలుగా తెచ్చారు. ఇంట్లో పిల్లలుంటే తోకచుక్కతో కాకుండా పాతాళదుర్గంతో మొదలుపెట్టండి. మొదటిసారి మీరే పైకి చదివి వినిపించండి, రోజుకి ఒక్క భాగమే. ఎంత బతిమాలినా రెండోది చదవకండి.